'మిస్సమ్మ': ఉద్యోగము, ప్రణయము

స్వశక్తిపై నిలువగోరు అవివాహితకు ప్రధానస్థానము నిచ్చిన తెలుగు హాస్యచిత్రములలో 'మిస్సమ్మ' ముఖ్యమైనది. కడపజిల్లాలో 1912లో జన్మించిన బి. నాగిరెడ్డిగారు, చక్రపాణిగారితో కలిసి 1955లో దీనిని నిర్మించిరి. దర్శకులు ఎల్. వి. ప్రసాద్ గారు; మేరీ పాత్రధారిణి సావిత్రి. మూలము రవీంద్రనాథ మైత్రా రచించిన బెంగాలీ నాటకము.

మేరీ విద్యావతి. ఇంటి ఋణము తీర్చుటకు ఆమెకు జీతము కావలెను. ఋణదాత డేవిడ్ ఆ నెపమున ఆమెను వివాహమాడగోరును, ఆమె అంగీకరింపదు. అప్పాపురము పాఠశాలవారికి దంపతులైన ఉపాధ్యాయులే కావలెను. అందుచే ఆమె నిరుద్యోగియైన ఎం. టి. రావుతో కలిసి దంపతులుగ నటించుట కొప్పుకొనును. ఒక వివాహమును తప్పించుకొనుటకు మరియొక వివాహమును నటింపవలసివచ్చుటయే ఈ కథకు కీలకము. బోధించు శక్తి ఆమెకు కలదు. ఆ శక్తికి చోటు మాత్రము భార్యకే కలదు. ఇందలి హాస్యము ప్రధానముగ ఈ వైరుధ్యమునుండియే పుట్టినది.

కథాంతమున మేరీ, తప్పిపోయిన జమీందారు కుమార్తె మహాలక్ష్మియని తేలును, నటన నిజమగును. జీతముతో తీరవలసిన చిక్కు జన్మరహస్యముతో తీరినది. 1970లో ఆరంభమైన అమెరికా టెలివిజన్ హాస్యధారావాహిక 'మేరీ టైలర్ మూర్ షో'లోని నాయిక మేరీ రిచర్డ్స్, 1977లో అది ముగియువరకు అవివాహితగనే ఉద్యోగము చేసినది. మన మేరీకి ఆ అవకాశము లభింపలేదు. అయినను, భార్య కానిదే ఉపాధ్యాయిని కారాదా యను ప్రశ్నను ఈ చిత్రము నవ్వించుచునే లేవదీసినది. సమాధానము మాత్రము చెప్పక దాటిపోయినది.