మీటా? పంపా? – ఎస్ప్రెసో యంత్రాల కథ

‘ఎస్ప్రెసో’ అనగానే మనలో చాలామందికి స్ఫురించేది పెళ్ళిపందిట్లో బుసకొట్టే స్టీలు యంత్రం. పాలలోకి ఆవిరిగొట్టం దించి, కాఫీపొడి, చక్కెర చేర్చి, నురుగు పొంగేదాకా గర్రుమనిపించి అందిస్తే అదే మన ‘ఎక్స్‌ప్రెస్సో’. అక్కడ ఆవిరి చేసే పని పాలను కాచడమే గాని కాఫీని పిండడం కాదు. ఇటాలియను భాషలో ఆ మాటకు ‘పిండి తీసినది’ అని అర్థం. సంస్కృతంలో చెప్పుకోవాలంటే ‘నిష్పీడితం’. త్వరగా చేసినదనీ, అడిగినవారి కోసం ప్రత్యేకంగా చేసినదనీ మరి రెండు ధ్వనులు కూడా అందులో ఉన్నాయి. విచిత్రమేమంటే, చరిత్రలో ముందుగా నెరవేరినవి ఈ ధ్వనులే. వాచ్యార్థమైన ‘పిండడం’ సరిగా సిద్ధించడానికి అరవై ఏళ్ళకు పైగా పట్టింది.

1884లో ఇటలీలోని టురిన్ నగరంలో జరిగిన మహాప్రదర్శనలో ఆంజెలో మొరియొండో అనే హోటలు యజమాని, ఆవిరి సాయంతో కాఫీ కాచే యంత్రాన్ని ప్రదర్శించి, అదే ఏడాది పేటెంటు పొందాడు. అయితే అది కాఫీని ఒక్కసారిగా పెద్దమొత్తంలో దించేది. దానిని ఆయన తన వ్యాపారాలకే వాడుకున్నాడు గాని దేశం మీదికి పంపలేదు. అందుకే ఆయన పేరు చాలాకాలం మరుగున పడిపోయింది.

1901లో మిలాన్ వాసి లుయీజీ బెజ్జెరా మరొక అడుగు వేశాడు. పిడి గల చిన్న జల్లెడగిన్నెలో ఒక్క కప్పుకు సరిపడే పొడి వేసి, దానిని యంత్రానికి బిగించి, సూటిగా కప్పులోకే దించే పద్ధతి ఆయనది. ఆ హక్కులను దెసిదేరియో పవోని కొని, యంత్రాలను తయారుచేసి అమ్మాడు. 1906లో మిలాన్‌లో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనలో ఆ కాఫీని జనం రుచి చూశారు. ఎవరి కప్పు వారికి, క్షణాలలో!

కాని ఆ యంత్రాలకు బలం బాయిలరులోని ఆవిరి మాత్రమే. దాని పీడనం వాతావరణ పీడనానికి ఒకటిన్నర రెట్ల ప్రాంతంలో ఉండేది. పీడనం పెంచాలంటే నీటిని ఇంకా మరిగించాలి. మరిగించినకొద్దీ కాఫీ మాడుతుంది. బలం కావాలంటే వేడి పెరుగుతుంది, వేడి తగ్గిస్తే బలం చాలదు. ఈ ముడి విప్పలేక ఆనాటి ఎస్ప్రెసో, చేదెక్కిన కషాయంగానే మిగిలిపోయింది. డికాక్షన్‌ను నిదానంగా బొట్టుబొట్టుగా దించుకునే మనవారు ఆ కప్పు చూసి ముఖం చిట్లించి ఉండేవారేమో!

ఆ ముడిని విప్పినవాడు మిలాన్‌లో కాఫీ బారు నడిపిన అకిల్లే గాజియా. ఆవిరి లేకుండా కాఫీ తీయాలన్న పట్టుదలతో 1938లో ఒక పేటెంటు తీసుకున్నాడు. తరువాత యుద్ధం వచ్చిపడింది. 1947లో మీట, స్ప్రింగు, పిస్టనులతో కూడిన ఏర్పాటుకు మరో పేటెంటు, 1948లో ఆయన పేరు మీద యంత్రాలు వచ్చాయి. అందులోని కిటుకు ఇది. మీటను కిందికి లాగితే పిస్టను పైకి లేచి, స్ప్రింగు నొక్కుకుంటుంది. పిస్టను కింద ఏర్పడిన ఖాళీలోకి వేడినీరు వచ్చి పొడిని తడుపుతుంది. మీటను వదిలితే స్ప్రింగు విచ్చుకుంటూ, ఎనిమిది తొమ్మిది రెట్ల పీడనంతో ఆ నీటిని పొడిలోంచి నెడుతుంది. అంటే, నీటిని వేడి చేయడం బాయిలరు పని, నెట్టడం స్ప్రింగు పని. బలానికీ వేడికీ ఉన్న లంకె తెగిపోయింది. గమనించదగిన విషయమేమంటే, ఇక్కడ చేయి కాఫీని పిండదు. పిండవలసిన స్ప్రింగును సిద్ధం చేస్తుంది. కప్పు పరిమాణం కూడా ఆ పిస్టను గది పరిమాణమే నిర్ణయించింది.

ఇంత పీడనంతో తీసేసరికి, కాఫీ మీద అంతకుముందెన్నడూ లేని బంగారువన్నె నురుగు తేలింది. మొదట్లో కొందరు దానిని మురికితెట్టు అనుకుని సందేహించారని చెబుతారు. గాజియా దానికి ‘క్రెమా’ అని పేరు పెట్టాడు. క్రెమా అంటే మీగడ. తెట్టు అనుకుంటే తీసి పారబోస్తాం, మీగడ అంటే అడిగి వేయించుకుంటాం! పదానికున్న శక్తి అది. ఆ మీగడ చిక్కదనానికి తోడ్పడే రోబస్టా గింజలను ఇటలీ వ్యాపారులు మన దేశం నుంచి కూడా కొంటూ వస్తున్నారు. ఇటలీ కప్పులో తేలే నురుగులో మన దక్షిణాది కొండల పాలు కొంత ఉందన్నమాట.

అయితే మీట వెనుక ఒక మనిషి ఉన్నాడు. రోజంతా వందల కప్పులకు, బలమైన స్ప్రింగును కిందికి లాగే మనిషి. పొడి వేయకుండానో, గిన్నె సరిగా బిగించకుండానో మీటను వదిలితే, అడ్డు లేని స్ప్రింగు దానిని దవడ అదిరేలా విసురుతుంది. ఈ కష్టానికి జవాబుగా, కార్లో ఎర్నెస్తో వాలెంతే స్థాపించిన ఫాయెమా సంస్థ 1961లో ‘ఇ61’ అనే యంత్రాన్ని తెచ్చింది. ఆ ఏడాది ఫిబ్రవరి 15న ఇటలీలో కనబడిన సంపూర్ణ సూర్యగ్రహణం పేరున ‘ఇ’ అన్న అక్షరం. మీట స్థానంలో విద్యుత్ పంపు వచ్చింది. పంపు తోసిన చన్నీరు, బాయిలరు లోపలి గొట్టం గుండా పోతూ వేడెక్కి, 9 రెట్ల పీడనంతో పొడిని చేరుతుంది. మీట యంత్రాలు నాలుకకు అలవాటు చేసిన పీడనాన్నే పంపు మొదటి నుంచి చివరిదాకా నిలకడగా పట్టుకుంది. పూర్తి బలం తగలకముందు పొడి మెల్లగా నానే వీలునూ అందులో కల్పించారు. మీటలోని సుగుణాన్ని పంపు వదులుకోలేదు.

దీనిని తలచుకున్నప్పుడల్లా మన ఏతాలు గుర్తుకొస్తాయి. ఏతమూ మీటే. దాని మీద నడుస్తూ పాడిన పాటలను మనం ముచ్చటగా చెప్పుకుంటాం. కాని పొలానికి పంపుసెట్టు వచ్చిన రోజున ఏతం తొక్కే మనిషి కన్నీరు పెట్టుకుని ఉండడు.

కిందటేడు అమెరికాలో మా అబ్బాయి దగ్గరున్నప్పుడు, కాఫీ ప్రియుల కూడిక ఒకదానికి తీసుకువెళ్ళాడు. ఒక ఇంటి గ్యారేజీలో స్ప్రింగు మీట యంత్రం, ఇ61 తరహా పంపు యంత్రం పక్కపక్కనే పెట్టి, ఒకే గింజలు, ఒకే మర, ఒకే తూకంతో కప్పులు తీసి పోల్చారు. పంపు కప్పు చిక్కగా, ముక్కుసూటిగా ఉంది. మీట కప్పు మెత్తగా, చివర కొంచెం తీపి మిగిల్చింది. దానికి కారణం మంత్రమేమీ కాదు. స్ప్రింగు విచ్చుకునేకొద్దీ బలం సన్నగిల్లుతుంది. పిస్టను గదిలోని నీరూ లోహానికి తాకి కొంత చల్లారుతుంది. సారం తగ్గి చేదు దిగే చివరి ఘట్టంలో యంత్రం తానే మెత్తబడుతుందన్నమాట. అయితే ఏ కప్పు ఏ యంత్రానిదో చెప్పకుండా ఇచ్చినప్పుడు పందెం కాసిన పెద్దమనుషుల ఊహలు చాలావరకు తారుమారయ్యాయి! అక్కడ ఒక యువకుడు, ‘మీటలో ఆత్మ ఉంది’ అన్నాడు. రోజుకు రెండు కప్పులు తీసే చేతికి అది ఆత్మ. వందలు తీసే చేతికి అది భుజం నొప్పి.

అలాగని మీట ఓడిపోయిందనడానికీ వీల్లేదు. నేపుల్స్ నగరపు బారుల్లో మీటల సంప్రదాయం ఈనాటికీ సజీవం. ఇంకా విశేషం, నేటి ఖరీదైన పంపు యంత్రాలలో కొన్నిటికి, ఆరంభంలో పీడనం పెంచి క్రమంగా తగ్గించేలా కంప్యూటరుతో ఆదేశాలిస్తున్నారు. స్ప్రింగు తన స్వభావంతో చేసిన పనిని ఎలక్ట్రానిక్ మెదడుకు పాఠంగా చెబుతున్నారు. తాత నడకను మనుమడు అనుకరించినట్టుగా ఉంది.

కనుక, పాతది పోయి కొత్తది వచ్చిందని ఈ కథను ఒక్క వాక్యంలో తేల్చలేము. ఆవిరికి చేతకానిది మీట చేసి చూపింది. మీట మోపిన బరువును పంపు దించింది. పంపు మరచిన మార్దవాన్ని మళ్ళీ మీట గుర్తు చేసింది. రుచిని బట్టి ఏది గొప్పదో ఎవరి నాలుక వారికి చెబుతుంది. చరిత్రను బట్టి చెప్పవలసివస్తే మాత్రం, కప్పులోని మీగడతోపాటు, ఆ కప్పు అందించిన భుజాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని నా మనవి.