తుమ్ములో డిస్కు వాటా ఎంత?

తుమ్మగానే నడుము కలుక్కుమంటే ఇప్పుడు ఇంటింటా ఒకటే మాట: "డిస్కు జారిందేమో!" ఈ అనుమానానికి వయసు తొంభై ఏళ్లు దాటింది, అంతే. అంతకు ముందటి సంగతంతా మన ఆరోగ్య వ్యాసాలు చరకుడు ఎప్పుడో చెప్పాడని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. ఆయన ఆపుకోకూడని పదమూడు శరీర వేగాల్లో తుమ్మును చేర్చి, బిగబడితే మెడ పట్టేస్తుందనీ తలనొప్పి వస్తుందనీ అన్నాడు. అది ఆపుకున్న తుమ్ము సంగతి, తుమ్మితే వచ్చే నడుంనొప్పిది కాదు.

1764లో నేపుల్స్ వైద్యుడు కొటూన్యో, తుంటి నుంచి కాలికి దిగే నొప్పుల్లో నరానికి సంబంధించిన దాన్ని విడిగా వర్ణించాడు. దగ్గినా తుమ్మినా ముక్కినా పెరిగే నొప్పి నరాల మొదళ్లదన్న గుర్తు ఫ్రాన్స్‌లో వైద్యుడు డెజరీన్ పేరున నిలిచింది. 1934లో అమెరికాలో మిక్స్టర్, బార్ ఆ మొదళ్లను నొక్కేది పగిలిన డిస్కని ఆపరేషన్ల సాక్ష్యంతో చూపించారు. కథ అక్కడితో కంచికి చేరిందనుకున్నారు.

నాకు పేచీ అక్కడే. 1940లో ఫిలడెల్ఫియా వైద్యుడు బ్యాట్సన్ వెన్నెముక చుట్టూ అల్లుకున్న సిరల మీద పనిచేశాడు. వాటికి కవాటాలు లేవు. కోతి పొట్టకు గట్టిగా కట్టు బిగించి, సిరలోకి ఎక్స్‌రేలో కనబడే మందు ఎక్కించి ఫొటో తీస్తే, మందు వెన్ను సిరల్లోకి మళ్లింది. తుమ్మేటప్పుడు మనం చేసేదీ దాదాపు అదే: ఊపిరి నిండా పీల్చి, గొంతు మూసి, పొట్ట ఒక్కసారిగా బిగిస్తాం. వెన్ను సిరలు పొంగుతాయి, వెన్ను నీటి ఒత్తిడి పెరుగుతుంది, అప్పటికే వాచి ఉన్న నరం చురుక్కుమంటుంది. బ్యాట్సన్ వెతికింది క్యాన్సర్ పాకే దారిని. అందుకేనేమో, నొప్పి గురించి రాసేవాళ్లు ఆయన్ని తలచుకోగా నేను పెద్దగా చూడలేదు.

మరి డిస్కు మీద పడే ఒత్తిడి? జర్మనీలో విల్కె బృందం ఒక మనిషి నడుము డిస్కులో సెన్సర్ పెట్టి కొలిచి 1999లో ప్రకటించింది. పక్కకు తిరిగి పడుకుని తుమ్మితే 0.38 మెగాపాస్కల్, ఊరికే నిలబడితే 0.5, వంగి 20 కిలోలు ఎత్తితే 2.3. ఒక్కడి కొలత, అదీ పడుకుని తుమ్మినది. దీన్నే పట్టుకుని ఊగలేం. వాష్‌బేసిన్ మీదికి వంగి తుమ్మితే లెక్క మారుతుంది. సాగి ఉన్న కండరం ఒక్కసారి బిగుసుకుంటుంది. ఒక చేత్తో కుళాయి, ఇంకో చేత్తో నడుము పట్టుకుని నేనూ ఒక పొద్దున అలాగే నిలబడిపోయాను. రెండు నిమిషాల్లో వదిలింది. కండరమేనని నా నమ్మకం, రుజువు లేదు.

ఇప్పుడు రుజువంటే ఎంఆర్‌ఐ. 1994లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో నడుంనొప్పే లేని 98 మందికి స్కాన్ తీస్తే 52 శాతం మందిలో ఉబ్బిన డిస్కు కనిపించింది! అయితే నొప్పి మోకాలు దాటి దిగినా, కాలు తిమ్మిరెక్కినా డిస్కును అనుమానించాల్సిందే. మూత్రం పట్టు తప్పితే ఆ పూటే ఆస్పత్రికి పరుగెత్తాలి. నాకు ఇవేవీ లేవు. అయినా ఇద్దరు డాక్టర్లు నా ఎంఆర్‌ఐ ఫిల్మును ట్యూబులైటుకు ఎదురుపెట్టి "ఇదిగో" అన్నారు. తుమ్మినప్పుడు ఎలా నిలబడి ఉన్నారని మాత్రం ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.