గణనయంత్రములు – వేడిమి హద్దు

1946లో ఫిలడెల్ఫియాలో లోకమునకు చూపబడిన ఎనియాక్ గణనయంత్రమున సుమారు 18,000 వాల్వులుండెను. అది 150 కిలోవాట్ల విద్యుత్తును మ్రింగి, ఇంచుమించు అంతయు వేడిగా వెడలగ్రక్కెడిది. వాల్వులు వేడెక్కునపుడును చల్లారునపుడును ఎక్కువగా చెడుచుండుటచే దానిని ఆర్పకయే ఉంచుట మేలని తేలెను.

ట్రాన్సిస్టరు వచ్చిన పిమ్మట ఈ బాధ తీరినట్లే తోచెను. ట్రాన్సిస్టర్లను చిన్నవి చేయుచు వోల్టేజిని తగ్గించినచో వేగము హెచ్చుననియు, చదరపు మిల్లీమీటరునకు పుట్టు వేడి మాత్రము హెచ్చదనియు 1974లో రాబర్ట్ డెన్నార్డు, ఆయన సహచరులు నిరూపించిరి. ముప్పది యేండ్లపాటు ఈ లెక్కయే దారి చూపెను. కాని మరీ చిన్నదైన ట్రాన్సిస్టరు, చక్కగా బిగియని కుళాయివలె, ఆపినను విద్యుత్తును కార్చును. ఆ కారుట వేడిని పెంచును. వేడి మరల కారుటను పెంచును! 2004లో ఇంటెల్ సంస్థ తెచ్చిన 3.4 గిగాహెర్ట్జుల పెంటియం 4 నుండి తొలగింపవలసిన వేడి 103 వాట్లు. ఆ యేడే 4 గిగాహెర్ట్జుల పెంటియం 4 ను విరమించుకొని, ఒకే ప్రాసెసరులో రెండు కోర్లనుంచు మార్గమును ఆ సంస్థ పట్టెను.

ఇప్పటి ప్రాసెసరులలోనే ఉష్ణమాపకములున్నవి. 2022లో వెలువడిన కోర్ ఐ9-13900కె కు హద్దు 100 డిగ్రీల సెంటిగ్రేడు, అనగా నీరు మరుగు వేడి. రైజెన్ 9 7950ఎక్స్ కు 95. బరువైన పనిలో 80, 85 డిగ్రీలు కనబడినంతనే భయపడ నక్కరలేదు. హద్దును చేరినచో ప్రాసెసరు తన వేగమును తానే తగ్గించుకొనును. అప్పటికిని వేడి అణగనిచో యంత్రము తనంత తానే ఆగిపోవును.