పన్నెండు వోల్టుల రేడియో

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తింది. కరెంటు తీగలు, టెలిఫోన్ తీగలు ఒక్కసారే తెగిపడ్డాయి. అప్పటి కృష్ణా జిల్లాలో రెడ్డిగూడెం మరో కొస, సముద్రం పోటు తగలని మామిడితోటల మెట్ట. అయితే గాలివానకు స్తంభం ఒరిగితే అక్కడా చీకటే. అలాంటి వేళ బ్యాటరీ మీద నడిచే హామ్ రేడియో, అంటే ఔత్సాహికులు (హాములు) సొంతంగా నడిపే రేడియో, అక్కరకొస్తుంది.

1939లో రెండో ప్రపంచ యుద్ధం రాగానే ఈ దేశంలోని హాముల ట్రాన్స్‌మిటర్లను బ్రిటిష్ సర్కారు పోలీసులకు అప్పగించమంది. యుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న పాత సెట్లే మళ్లీ హాముల చేతికొచ్చాయి! వాటి వాల్వులకు వందల వోల్టులు కావాలి. బ్యాటరీ ఇచ్చేది పన్నెండే. ఆ తేడా పూడ్చేది డైనమోటర్, అంటే మోటారు, జనరేటర్ ఒకే ఇరుసు మీద తిరిగే యంత్రం. అది గుయ్యిమంటూ బ్యాటరీని తోడేసేది.

ట్రాన్సిస్టర్లతో డైనమోటర్ బెడద పోయింది గానీ, కరెంటు ఆకలి పోలేదు. వంద వాట్ల సెట్ మాట్లాడేటప్పుడు సుమారు ఇరవై ఆంపియర్లు లాగుతుంది. పైగా దానికి కావలసింది 13.8 వోల్టులు. నిండా చార్జయిన లెడ్ బ్యాటరీలోనూ నిలకడగా ఉండేది 12.6. తీగ సన్నగా, పొడుగ్గా ఉంటే దారిలోనే ఇంకొంత పోతుంది, గొంతు చెదురుతుంది, సెట్ ఆగినా ఆగుతుంది. అందుకే అనుభవమున్న హామ్ ముందు చూసేది ఏరియల్‌ని కాదు, బ్యాటరీ తీగ మందాన్ని.

ఎంత ఆకలి ఉన్నా ఆపదలో హామ్ రేడియో ఆదుకుంటూనే ఉంది. హైదరాబాద్‌లో 1983లో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ పుట్టింది. ఆ సంస్థ తరఫున భారతి ప్రసాద్ బృందం 2004 డిసెంబరులో పోర్ట్ బ్లెయిర్ నుంచి ప్రపంచ హాములతో మాట్లాడుతుండగా 26న సునామీ వచ్చింది. సరదాగా పెట్టిన ఆ స్టేషనే ద్వీపాల క్షేమసమాచారం మోసింది.

ఆ కరెంటు ఆకలి తీర్చిన అసలు మలుపు హైదరాబాద్‌లోనే, అంతకు ముందే వచ్చింది. అశర్ ఫర్హాన్ (కాల్‌సైన్ వీయూ2ఈఎస్ఈ) 2003 ప్రాంతంలో బిట్ఎక్స్ అనే ట్రాన్సీవర్, అంటే పంపడం, అందుకోవడం రెండూ చేసే సెట్, సర్క్యూట్ గీశారు. అది ఇచ్చేది ఆరు వాట్లు. కాయిళ్లకు వాడే విదేశీ కోర్లు ఖరీదని, వాటిని కుళాయి వాషర్ల మీద చుట్టించారు. మాట్లాడేటప్పుడు కూడా కరెంటు రెండు ఆంపియర్ల లోపే. లెక్క వేస్తే, ట్రాక్టర్ బ్యాటరీ ఒక్కటి చాలు, రాత్రంతా కబుర్లే. తర్వాతి బోర్డుల కాయిళ్లను హైదరాబాద్ మహిళలు చుట్టారు. అవి విదేశాల హాముల బల్లల మీదికీ చేరాయి.