రెండు నూళ్ళ సందు

పోయిన ఎండాకాలం ఇల్లు బాగుచేయిస్తూ మా వాడు, "బాపూ, ఈ పాత తలుపులు తీసేసి ఇనుపవి పెడదాం" అన్నాడు. నేనూ సరేనన్నాను. విప్పడానికొచ్చిన సుతార్ కాకా మాత్రం ఉలితో ఓ చోట రంగు గీకి, వాసన చూసి, "హే సాగ్వాన్ ఆహే, ఫేకూ నకా" అన్నాడు. ఇది టేకు, పారేయొద్దు అని. ఇంటివాడికి రాని జాలి కూలికొచ్చినవాడికి వచ్చింది. సిగ్గేసి తలుపుల్ని వసారాలో ఇటుకల మీద పడుకోబెట్టాను. నెలన్నర అక్కడే ఉన్నాయి.

మాది సోలాపూర్‌లో సాఖర్‌పేట. మా ఇంటి చౌకట్, అంటే ద్వారబంధం, ఒకటే, తలుపులు రెండు జట్లు. వీధివైపు తెరుచుకునేది జాలీ తలుపు. దానికి కింద సగం పలక, పైన వేలెడు వెడల్పు చెక్కపట్టీలు ఐమూలగా ఒకదాని మీద ఒకటి వేసి కొట్టి ఉంటాయి. లోపలివైపు తెరుచుకునేవి రెండు దళసరి పలక రెక్కలు. చూసినవాళ్ళు తాతకు బాగా ఉండేదనుకుంటారు. ఉండి కాదు, మగ్గం పెట్టించిన ఖర్చది.

తాత నేసింది గుంట మగ్గం మీద. కాళ్ళు గుంటలో, పడుగు నేలకు దగ్గరగా. ఆ నేల చల్లదనం నూలుకు కావాలి, ఎండిన పోగు పుటుక్కున తెగుతుంది. మే నెలలో ఇక్కడ 43, 44 డిగ్రీలు. పగటి పొడిగాలి తగిలితే తాతకు నేయడం కంటే పోగులు ముడేయడమే పని. అందుకని పది దాటితే పలక రెక్కలు బిగించేవాళ్ళు. సాయంత్రం వళీవ వాన దుమ్ము లేపుకుంటూ వస్తే మళ్ళీ బిగింపు. ఎండాకాలం చివర్లో ఉరుముతూ వచ్చే వానను ఇక్కడ అలా అంటారు. తక్కిన వేళల్లో జాలీ ఒక్కటే. వెలుతురూ గాలీ లోపల, మేకలు బయట. గంజిపట్టిన పడుగంటే మేకకు విందు భోజనం.

ముత్తాత నిజాం ఇలాకాలోని కరీంనగర్ వైపు నుంచి వచ్చాడు. 1860లో రైలు సోలాపూర్ దాకా వచ్చింది. 1876-78 కరువు దక్కన్ పల్లెల్ని ఊడ్చేసింది. ఆ కరువు నడుమే, 1877లో, సోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు మొదలైంది. ఊరికది జూనీ మిల్లు. చేతికందే దూరంలో నూలు, నౌవారీ లుగడాలకు, అంటే తొమ్మిది గజాల చీరలకు, గిరాకీ ఉండడంతో పద్మశాలీలు పేటలకు పేటలే పాతుకుపోయారు. మా తలుపులు అంత పాతవి కావు, 1920లలో తాత కట్టించిన ధాబాతో వచ్చినవి. ధాబా అంటే మట్టిమిద్దె.

మిల్లు భోంగా కూతకే నాయనమ్మ గడియ తీసేదట. 1949 ఆగస్టులో మిల్లు మూతపడింది. 1950 జనవరిలో కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చి మిల్లు నడిపే పని తన చేతిలోకి తీసుకుంది. ఒక వాటాదారు సుప్రీంకోర్టుకెక్కి ఆ డిసెంబరులో ఓడిపోయాడు. చరణ్‌జీత్‌లాల్ చౌధురి కేసంటే లా చదివే పిల్లలకు ఇప్పటికీ బట్టీ పాఠం. మా గల్లీకి ఆ తీర్పు సంగతి తెలియదు, కూత ఆగడం తెలుసు.

ఇక రంగు. తొందరపడి మంట పెట్టి కరిగించబోయి జాలీలో రెండు పట్టీలు మాడ్చాను, తప్పు నాదే. ఆ తర్వాత బుద్ధిగా గాజుపెంకుతో గీకాను. పైన చాక్లెట్ రంగు, నా పెళ్ళినాటిది. దాని కింద నీలం. నీలం కింద లప్పం ముద్ద, కుడి నిలువు కర్రలో జానెడు పొడవున. అది చూడగానే 1968 కళ్ళముందుకొచ్చింది. భివండీ నుంచి మా బాపు పాత పవర్‌లూమ్ కొన్నాడు. ఫిట్టర్ కూలి మిగుల్చుకుందామని విప్పకుండానే పైపుల మీద దొర్లించుకొచ్చారు. అది సరిగ్గా కడప మీద ఇరుక్కుంది. పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా ఇంట్లోవాళ్ళం లోపలే, బయటివాళ్ళు బయటే. చివరికి బాపు తానే ఉలి పట్టి చౌకట్ చెక్కేశాడు. మిగిలిందనుకున్న కూలి ఆ చౌకట్ అతుక్కే పోయింది.

ఆ వారంలోనే తాత గుంట పూడ్చారు. తర్వాత చాదర్లకని జకార్డ్ వచ్చింది. అది మగ్గం నెత్తిన కూర్చుంటుంది, ఎత్తు కావాలి. ధాబా పోయి పత్రాలు, అంటే రేకులు, వచ్చాయి. గోడలు లేచాయి గానీ తలుపులు అంతే పొట్టిగా ఉండిపోయాయి. లూమ్ వేడికి పలక రెక్కలు మూసే రోజులూ పోయాయి. జాలీకి మాత్రం పని పెరిగింది. అమ్మ దానికి వీపు ఆనించి, ఒళ్ళో చాట పెట్టుకొని, రోజుకు వెయ్యి బీడీలు చుట్టేది. వెలుతురు అక్కడే.

ఆ ఆనిన చోటు ఇప్పుడూ తెలుస్తుంది. రంగు పొరలన్నీ అరిగి, కొబ్బరినూనె ఇంకిన నల్లటి మచ్చ, అరచేయంత. అవిసె నూనెలో టర్పెంటైన్ కలిపి మూడు పూతలు వేశాం. తలుపంతా తేనెరంగుకొచ్చింది, అదొక్కటీ పట్టలేదు. చిత్రిక పడితే పోతుందన్నాడు కాకా. వద్దన్నాను. రెక్కల అడుగున వాన చిమ్మి పుచ్చిన నాలుగంగుళాలు కోసేసి, పాత సామాన్ల బజారులో దొరికిన టేకు ముక్కలు కూసం దించి అతికాడు. ఇనుప మేకు ఒక్కటీ కొట్టలేదు, వెదురు మేకులే.

రెక్కలు నిలబెడుతూ, "దోన్ సూత్ మోకళం సోడా" అన్నాడు. రెండు సూత్‌లు సందు వదలండి అని. మరాఠీలో సూత్ అంటే నూలు, వడ్రంగి లెక్కలో అంగుళంలో ఎనిమిదో వంతు. తెలుగు వడ్రంగులూ దాన్ని నూలనే అంటారు. నేసేవాడి ఇంటికి నూలుతో కొలతేమిటని నవ్వితే, కాకాకు అర్థం కాలేదు. వానాకాలం కర్ర ఉబ్బుతుంది సాహెబ్, అన్నాడు గంభీరంగా.

నూలు పున్నమినాడు మార్కండేయ రథం చూసి తడిసి ఇంటికొచ్చేసరికి ఆ సందులో నా గోరు దూరలేదు. మా వాడు భుజంతో నెట్టాడు, రాలేదు. "ఇనుపది పెడదామంటే విన్నావా?" అంటూ రెండోసారి నెట్టాడు. తలుపు తెరుచుకుంది.