డబ్బానా, డైనోనా? కారు మెదడుతో ఆడుకున్న వాళ్ళ కథ

ట్యూనింగ్ అనే మాట నేను మొదటిసారి విన్నది విజయవాడ ఆటోనగర్లో. అక్కడ ట్యూనింగ్ అంటే ఒక స్క్రూడ్రైవరు, ఒక చెవి. చేతక్ మైలేజీ పడిపోయిందంటే మెకానిక్ కార్బ్యురేటరు స్క్రూని కాస్త ఇటూ కాస్త అటూ తిప్పి, శబ్దం విని, "ఇహ తీసుకెళ్ళండి" అనేవాడు. డాలస్ వచ్చి పాత 2006 మోడల్ మస్టాంగ్ జీటీ ఒకటి కొన్నాక ఆ మాటకి అర్థమే మారిపోయింది. ఇక్కడ ట్యూనింగ్ అంటే కారు కంప్యూటర్లో ఒక ఫైలు మార్చడం.

దానికి రెండు దారులు. ఒకటి, చేతిలో పట్టేంత డబ్బా (హ్యాండ్‌హెల్డ్ ప్రోగ్రామర్) కొనుక్కుని స్టీరింగ్ కిందున్న సాకెట్లో గుచ్చి, అందులో ముందే రాసిపెట్టిన ఫైలుని కారులోకి ఎక్కించుకోవడం. రెండోది, కారుని షాపుకి తీసుకెళ్ళి డైనో అనే రోలర్ల మీద కట్టేసి, ట్యూనర్ చేత మన కారుకే ప్రత్యేకంగా ఫైలు రాయించుకోవడం. ఖర్చు చూస్తే పెద్ద తేడా ఉండదు, రెండూ కొన్ని వందల డాలర్ల బేరమే. మరి ఏది? కారు కొన్నానని తెలిసిన ప్రతివాడూ ఈ విషయంలో నాకో సలహా ఇచ్చాడు. సగం మంది డబ్బా అన్నారు, సగం మంది డైనో అన్నారు. ఎందుకో మాత్రం ఎవరూ చెప్పలేదు. నా దాచుకున్న డబ్బంతా ఆ ఇంజన్లో ఉంది, వారంటీ ఎప్పుడో అయిపోయింది. అందుకని ఈ రెండు దారులూ అసలెలా పుట్టాయో తవ్వడం మొదలెట్టాను.

మొదట ఒక చిత్రమైన సంగతి. కారులోకి కంప్యూటర్ వచ్చింది వేగం కోసం కాదు, పొగ కోసం. 1970లో అమెరికాలో క్లీన్ ఎయిర్ యాక్ట్ వచ్చింది. 1975 మోడల్ కార్లకి కెటాలిటిక్ కన్వర్టర్లు తగిలించారు. ఆ ఏడాది కార్వెట్ మామూలు ఇంజను బలమెంతో తెలుసా? 165 హార్స్ పవర్. 5.7 లీటర్ల ఇంజనుకి! (1972 నుంచి కొలిచే పద్ధతి కూడా మారింది కాబట్టి అంతకు ముందరి అంకెలతో నేరుగా పోల్చకూడదు. అయినా సిగ్గుచేటే.)

తర్వాత వచ్చిన త్రీ-వే కన్వర్టర్ సరిగ్గా పనిచెయ్యాలంటే ఒక వంతు పెట్రోలుకి 14.7 వంతుల గాలి చొప్పున, అటూ ఇటూ పోకుండా మండాలి. స్క్రూడ్రైవరుతో ఆ పని కాదు. బాష్ కంపెనీ ఆక్సిజన్ సెన్సర్ తయారుచేస్తే, వోల్వో దాన్ని 1977 మోడల్ కార్లలో పెట్టింది. 1981కల్లా జనరల్ మోటార్స్ దాదాపు తన పెట్రోలు కార్లన్నిట్లోనూ కంప్యూటర్ పెట్టేసింది. మొదట్లో పాపం కార్బ్యురేటరుకే కంప్యూటర్ తగిలించారు, ఎడ్లబండికి జీపీఎస్ కట్టినట్టు.

కారు బానెట్ ఎత్తి సొంతంగా కెలుక్కునే అలవాటున్న వాళ్ళకి ఇది పిడుగుపాటు. అప్పటిదాకా కార్బ్యురేటర్ జెట్లు మార్చి, డిస్ట్రిబ్యూటర్ తిప్పి, స్పార్క్ ప్లగ్ రంగు చూసి జాతకం చెప్పిన వాళ్ళు, ఇహ మన పని అయిపోయిందనుకున్నారు. అయిపోలేదు. ఎందుకో మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి చెబితే చటుక్కున అర్థమవుతుంది. ఆ కంప్యూటర్లో ప్రోగ్రాము వేరు, డేటా వేరు. ఫలానా ఆర్పీఎమ్ దగ్గర, ఫలానా లోడు మీద స్పార్క్ ఎన్ని డిగ్రీలు ముందు రావాలి అనేది ఒక పట్టిక. పెట్రోలు ఎంత పొయ్యాలి అనేది ఇంకో పట్టిక. ఒక్క లైను కోడ్ ముట్టుకోకుండా పట్టికలో అంకెలు మారిస్తే చాలు, ఇంజను స్వభావమే మారిపోతుంది. జనరల్ మోటార్స్ వాళ్ళు ఆ పట్టికల్ని ఊడదీయగలిగే చిప్‌లో పెట్టారు. ఎన్నో మోడళ్ళకి ఒకటే కంప్యూటర్, చిప్ మాత్రం వేరు, ఫ్యాక్టరీలో సులువని. ఆ సులువే బయటివాళ్ళకి తలుపు తెరిచింది.

1986, 87ల్లో వచ్చిన బ్యూక్ గ్రాండ్ నేషనల్ దీనికి అసలైన ఉదాహరణ. 3.8 లీటర్ల ఆరు సిలిండర్ల టర్బో ఇంజను. టర్బో కారులో బూస్టు, స్పార్కు, పెట్రోలు మూడూ కంప్యూటర్ చేతిలో ఉంటే, చిప్ మార్చడమంటే ఇంజను మార్చినంత పని. అతినీలలోహిత కాంతి కింద పెట్టి చిప్ చెరిపి, హెక్స్ ఎడిటర్లో అంకెలు దిద్ది, మళ్ళీ రాసి, కారులో పెట్టి, రోడ్డు మీద నడిపి చూడడం. కంపైల్ చేసి రన్ చెయ్యడమే, కాకపోతే ఎర్రర్ వస్తే పిస్టన్ పగులుతుంది :)

ఫోర్డ్ చిప్‌లు ఊడేవి కావు. కానీ వాళ్ళ కంప్యూటర్ వెనక సర్వీసు కోసమని ఒక పోర్టు వదిలేశారు. దానికి చిన్న బోర్డు గుచ్చితే, కంప్యూటర్ తన అంకెలు మానేసి ఆ బోర్డు మీద అంకెలు చదివేది. అంతకన్నా ఫోర్డ్ చేసిన పెద్ద ఉపకారం 1989లో జరిగింది. 1986 నుంచి 5 లీటర్ల మస్టాంగ్‌కి ఉన్న ఇంజెక్షన్ పద్ధతి, ఒత్తిడిని బట్టి గాలి ఎంత వస్తోందో లెక్కగట్టేది. క్యామ్ మారిస్తే ఆ లెక్క తప్పి ఇంజను కుంటేది. 1989 నుంచి అన్ని రాష్ట్రాల్లోనూ మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ పెట్టారు, అంటే లోపలికొచ్చే గాలిని నేరుగా కొలవడం. భాగాలు కొంత మారినా కారు తనే సర్దుకునేది. ఆ మస్టాంగ్ చుట్టూ పుట్టుకొచ్చిన విడిభాగాల పరిశ్రమ అంతా ఇంతా కాదు.

ఇహ డబ్బా పుట్టుక. 1994లో కార్వెట్, కమారోలకి చిప్ తీసేసి ఫ్లాష్ మెమరీ పెట్టారు. 1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారుకీ ఓబీడీ-2 అనే 16 పిన్నుల సాకెట్ తప్పనిసరయింది. ఇదీ పొగ కోసమే. కాలుష్య పరికరాలు సరిగ్గా ఉన్నాయో లేదో ఎవరైనా గుచ్చి చూసుకోవాలని పెట్టిన నిబంధన. కానీ చదవడానికి దారి ఇస్తే రాయడానికీ దారి దొరుకుతుంది కదా. డీలర్లు కొత్త ఫైళ్ళు ఎక్కించే ఆ దారినే హైపర్‌టెక్, సూపర్‌చిప్స్, డయాబ్లోస్పోర్ట్, ఎస్‌సీటీ లాంటి కంపెనీలు పట్టుకున్నాయి. డబ్బా చేసే పని చాలా సింపుల్. కారులోని అసలు ఫైలుని తన కడుపులో దాచుకుంటుంది, మార్చిన ఫైలుని రాస్తుంది, ఆ కారు గుర్తింపు సంఖ్యతో ముడిపడిపోతుంది. అసలు ఫైలు వెనక్కి పెట్టేదాకా ఇంకో కారుకి పనిచెయ్యదు. ఒకటి కొని పదిమంది వాడుకోకుండా లైసెన్సు అన్నమాట.

షాపుల దారి కూడా అదే సాకెట్ నుంచి మొదలైంది. 1997 కార్వెట్‌తో వచ్చిన ఎల్‌ఎస్1 ఇంజను కోసం ఎల్‌ఎస్1 ఎడిట్, ఆ తర్వాత న్యూజిలాండ్ వాళ్ళ ఈఎఫ్‌ఐలైవ్, ఇల్లినాయ్ వాళ్ళ హెచ్‌పీ ట్యూనర్స్ వచ్చాయి. వీటితో పట్టికల్ని లాప్‌టాప్ తెర మీద స్ప్రెడ్‌షీట్‌లా తెరిచి దిద్దొచ్చు. దానికి తోడు డైనో. బరువు ముందే తెలిసిన ఇనప డ్రమ్ముని కారు చక్రాలు ఎంత తొందరగా తిప్పాయో కొలిచి బలం లెక్కగట్టడమే. న్యూటన్ రెండో సూత్రం, ఇంటర్లో చదివిందే.

ఇప్పుడు నా కారు దగ్గరికొద్దాం, అసలు తిరకాసు ఇక్కడే ఉంది. 2005 నుంచి వచ్చిన మస్టాంగ్ జీటీకి 4.6 లీటర్ల వీ8, 300 హార్స్ పవర్. ఆ 300 కూడా మామూలు 87 ఆక్టేన్ పెట్రోలు మీద. ఖరీదైన 93 పోస్తే నాకింగ్ లేకుండా స్పార్క్‌ని కాస్త ముందుకు జరపొచ్చు, బలం పెరుగుతుంది. అంటే ఫ్యాక్టరీ వాళ్ళు అందరికీ సరిపోయేలా కొంత వదిలేశారు. 2008లో వాళ్ళే బుల్లిట్ మోడల్‌కి ప్రీమియం పెట్రోలుని వాడుకునే ఫైలు పెట్టి, ఇంకొన్ని మార్పులతో 315 అని అమ్మారు. డబ్బా ఫైలు చేసేదీ ఆ కోవలోదే. ఏ మార్పూ చెయ్యని కారుకి, అలాంటి వందల కార్ల మీద నడిచిన ఫైలు సరిపోతుంది. అందులో అనుమానం అక్కర్లేదు.

ఇంకో చిన్న మాయ కూడా ఉంది. ఈ కారులో యాక్సిలరేటర్‌కీ ఇంజనుకీ మధ్య కేబుల్ లేదు, మధ్యలో కంప్యూటరే. కాలు సగం నొక్కితే ముప్పావు తెరవమని ఫైల్లో రాస్తే, కారు లేడిపిల్లలా దూకుతుంది. పూర్తిగా తొక్కితే మాత్రం తేడా ఏమీ ఉండదు. డబ్బా పెట్టాక "అబ్బ, కారే మారిపోయింది" అనే వాళ్ళ ఆనందంలో పెద్ద భాగం ఈ పట్టికదే. తప్పని అనను, ఆనందం ఆనందమే. దాన్ని హార్స్ పవర్ అనకండి చాలు.

చిక్కు ఎప్పుడొస్తుందంటే భాగాలు మార్చినప్పుడు. అందరూ మొదట కొనేది పెద్ద గొట్టమున్న ఎయిర్ ఇన్‌టేక్. మాస్ ఎయిర్ సెన్సర్ ఆ గొట్టంలోనే ఉంటుంది. అది కొలిచేది గొట్టంలో వెళ్ళే గాలినంతా కాదు, తన ముక్కు ముందు నుంచి వెళ్ళిన గాలిని. అది వోల్టేజీగా మారుతుంది, ఇంత వోల్టేజీ అంటే ఇంత గాలి అని ఫైల్లో పట్టిక ఉంటుంది. గొట్టం వెడల్పయితే అదే వోల్టేజీకి ఎక్కువ గాలి వెళ్తుంది. కంప్యూటర్‌కి ఆ సంగతి తెలీదు, పాత లెక్కనే పెట్రోలు పోస్తుంది. మెల్లగా నడిపేటప్పుడు ఆక్సిజన్ సెన్సర్ తప్పు పట్టుకుని సర్దుతుంది. పూర్తిగా తొక్కినప్పుడు ఆ సెన్సర్ మాట వినడం మానేసి నేరుగా పట్టికనే నమ్ముతుంది. ఆ సమయంలో మిశ్రమం పన్నెండున్నర ప్రాంతంలో ఉండాల్సింది, గాలెక్కువై పల్చబడుతుంది. పల్చబడ్డ మిశ్రమం, ముందుకు జరిపిన స్పార్కు, ఎర్రగా కాగిన సిలిండరు. స్పార్క్ తర్వాత మంట చేరకముందే మూలనున్న మిశ్రమం తనంతట తనే పేలుతుంది. అదే నాకింగ్. నెమ్మదిగా వెళ్ళేటప్పుడు టకటకమని వినిపిస్తుంది. ఆరువేల ఆర్పీఎమ్ దగ్గర సైలెన్సర్ హోరులో ఏమీ వినపడదు. వినపడేసరికి పిస్టన్ రింగుల మధ్య గట్టు విరిగి ఉంటుంది.

పేరున్న ఇన్‌టేక్‌లకి డబ్బా కంపెనీలే పట్టికలు ఇస్తాయి, నిజమే. కానీ ఒకడి ఇన్‌టేకు, ఇంకొకడి క్యామ్, మూడోవాడి సూపర్‌చార్జర్ కలిపితే ఆ కూర్పు ప్రపంచంలో బహుశా మీ ఒక్కరి కారులోనే ఉంటుంది. దానికి ముందే రాసిన ఫైలు ఎక్కణ్ణుంచి వస్తుంది? అక్కడ పొగగొట్టంలో వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెట్టి, డైనో మీద ఆర్పీఎమ్‌కి ఆర్పీఎమ్ చూస్తూ పట్టిక దిద్దే మనిషి కావాలి. ఆటోనగర్ చెవి చేసిన పనే, చెవికి బదులు సెన్సర్.

అయితే మంచి డైనో ఉన్నంత మాత్రాన మంచి ట్యూనర్ అయిపోడు. నేను వాకబు చేసిన ఒక షాపు వాడు పెరిగే హార్స్ పవర్ ముందే చెప్పేశాడు, కారు చూడకుండానే. మిశ్రమం ఎంతలో ఉంచుతావు, రికార్డు చేసిన లాగ్ నాకిస్తావా అంటే నీళ్ళు నమిలాడు. కొందరు ట్యూనర్లు తాము రాసిన ఫైలుకి తాళం వేస్తారు. డబ్బు మనది, కారు మనది, పట్టికలు మాత్రం మనం చూడకూడదు. సోర్స్ కోడ్ ఇవ్వని వెండర్ని మనం ఆఫీసులో ఏమంటామో ఇక్కడ రాయను.

ఈ రెండు దారులూ మధ్యలో కలిసిపోయాయి కూడా. ఎస్‌సీటీ డబ్బాల్లో ట్యూనర్ రాసిన ఫైలు ఎక్కించుకునే వీలుంది. ఎక్కడో ఉన్న ట్యూనర్‌కి రోడ్డు మీద రికార్డు చేసిన లాగ్ పంపితే, చూసి సవరించిన ఫైలు వెనక్కి పంపుతాడు. అప్పుడు డబ్బా ఉత్త పోస్ట్‌మ్యాన్. అడగాల్సింది డబ్బానా డైనోనా అని కాదేమో, ఫైలు ఎవరు రాశారు, ఏ కారుని చూసి రాశారు అని.

మూడో మనిషి ఒకడున్నాడు, సర్కారు. 1990 సవరణతో కాలుష్య పరికరాల్ని చెడగొట్టడం మామూలు మనుషులకీ నేరమైంది, అలా చెడగొట్టే సరుకు అమ్మడమూ నేరమైంది. చాలాకాలం పెద్దగా పట్టించుకోలేదు. 2015 సెప్టెంబరులో ఫోక్స్‌వాగన్ బండారం బయటపడింది. పరీక్ష జరుగుతోందని కనిపెట్టి అప్పుడు మాత్రమే బుద్ధిగా ఉండే సాఫ్ట్‌వేరు, ప్రపంచమంతటా కోటీ పది లక్షల కార్లలో. వీధి చివర ట్యూనర్ కాదు, ఫ్యాక్టరీయే చేసిన ట్యూన్ అది! విచిత్రమేమిటంటే అదే ఏడాది అక్టోబరులో, సొంత కారు సాఫ్ట్‌వేరుని చట్టానికి లోబడి మార్చుకోవడం కాపీరైటు ఉల్లంఘన కాదని అమెరికాలో మినహాయింపు వచ్చింది. 2018లో ఎస్‌సీటీ మాతృసంస్థ డిరైవ్ సిస్టమ్స్ మీద కేసు పడి, రాజీ కుదిరి, 3 లక్షల డాలర్ల జరిమానా కట్టింది. 2020 నుంచి ఇలాంటి సరుకు మీద కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా దృష్టి పెట్టింది. మరోపక్క కంపెనీలే తాళాలు బిగించాయి. 2020 కార్వెట్, 2024 మస్టాంగ్ కంప్యూటర్లు ఎన్‌క్రిప్షన్‌తో వచ్చాయి. ఫోర్డ్ మాత్రం తన పర్ఫార్మెన్స్ విభాగం ద్వారా తన డబ్బా తనే అమ్ముకుంది, ప్రోకాల్ అని.

నా వరకూ తేల్చుకున్నాను. నా ఇంజన్లో ఏ భాగమూ మార్చలేదు, మార్చే ఉద్దేశం కూడా లేదు. కాబట్టి డబ్బా, అదీ కాలుష్య పరికరాల జోలికి పోని 93 ఆక్టేన్ ఫైలు. ఫైలు మార్చిన వెంటనే కారు తన స్వీయపరీక్షలన్నీ మొదట్నుంచి మొదలెడుతుంది, అవి పూర్తయ్యేదాకా ఇక్కడి ఎమిషన్ టెస్టుకి తీసుకెళ్ళి లాభం లేదు, అది గుర్తుపెట్టుకోవాలి. సూపర్‌చార్జర్ పెడతానంటున్న మా ఆఫీసు మిత్రుడికి మాత్రం డైనో తప్పదని చెప్పాను. తాళం వెయ్యని ట్యూనర్ కోసం వెతుకుతున్నాడు. నాకు డబ్బాలో నచ్చిన ఇంకో సంగతి, అసలు ఫైలు ఎప్పుడూ చేతిలో ఉంటుంది. కాలిఫోర్నియా వైపు వెళ్తే బంకుల్లో ప్రీమియం అంటే 91 మాత్రమే. 93 కోసం రాసిన ఫైలుతో అక్కడి ఎండలో కొండలెక్కడం నాకిష్టం లేదు. ఎక్కడో ఒక బంకు పక్కన ఆపి, కాసేపట్లో పాత ఫైలు వెనక్కి పెట్టేస్తాను.