అలాస్కా: అడవి బతుకు, ఊరి బతుకు

అలాస్కాలో రోడ్డుగాని రైలుగాని చేరని ప్రాంతాన్నంతా ‘బుష్’ అంటారు. విమానంలోనో, పడవలోనో, మంచు మీద నడిచే బండిలోనో తప్ప అక్కడికి వెళ్లే దారి ఉండదు. అటువంటి చోట కాపురమున్నవారు ఎవరి ఆసరా లేకుండా బతికారనీ, పట్టణవాసులు ప్రభుత్వం మీద ఆధారపడ్డారనీ ఒక అభిప్రాయం బలంగా నాటుకుపోయింది గాని, అందులో మొదటి సగాన్ని చరిత్ర పెద్దగా సమర్థించదు.

ఆ నేలకు అసలు వారసుల్లో ఒకరైన అథబాస్కన్ జాతులవారు ఏనాడూ ఒంటరి జీవితాన్ని కోరుకున్నవారు కారు. వేసవిలో నదీతీరాన సాల్మన్ చేపలు పట్టి ఎండబెట్టే విడిదికీ, చలికాలంలో వేట విడిదికీ వారు బంధుగణంతో కలిసే తరలేవారు. బడులూ క్రైస్తవ మిషన్లూ వచ్చాకనే వారిలో చాలామంది ఏడాది పొడవునా ఒకేచోట ఉండే ఊళ్లు కట్టుకున్నారు. అడవిలో ఏకాకిగా ఉండటమనేది ప్రధానంగా బయటినుంచి వచ్చినవారి అలవాటు.

బొచ్చు జంతువులకు ఉచ్చులు పన్ని జీవించే వేటగాడి కట్టెగుడిస పక్కన, మన పొలాల్లోని మంచెను పోలిన ఎత్తైన కొట్టు ఒకటి ఉండేది. ఎలుగుబంట్లకు అందకుండా తిండిని, తోళ్లను నాలుగు నిలువు దుంగల మీద దాచే ఆ కొట్టుకు, జంతువులు ఎగబాకకుండా దుంగల చుట్టూ రేకు చుట్టేవారు. ఆ రేకు తరచుగా పట్టణంనుంచి వచ్చిన పెట్రోలు డబ్బాను చీల్చి సాపు చేసినదే. పిండి, టీ, తూటాలు వర్తకుడి దగ్గర అరువుకు తెచ్చుకుని, వసంతకాలంలో తోళ్లు అప్పగించి బాకీ తీర్చుకునే ఆ వేటగాడికి దూరదేశపు దుస్తుల మార్కెట్టులో ధర పడిపోతే ఏడాది కష్టమంతా వృథా అయ్యేది.

1924 ఫిబ్రవరిలో కార్ల్ బెన్ ఐల్సన్ ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి మెక్‌గ్రాత్‌కు విమానంలో టపా చేరవేశాడు. కుక్కల బండికి రెండు వారాలకు పైగా పట్టే ఆ దారి అతనికి మూడు గంటల లోపే పూర్తయింది. ఆ తరువాత ఏకాంతవాసానికి చిన్న విమానమే ప్రాణాధారమయింది. 1968లో ట్విన్ లేక్స్ ఒడ్డున చేతి పనిముట్లతో ఇల్లు కట్టుకుని, దాదాపు ముప్పై ఏళ్లు అక్కడే గడిపిన రిచర్డ్ ప్రోనెకీ పనితనం నిజంగా అబ్బురపరిచేదే; అయినా అతని ఉత్తరాలూ సరుకులూ వచ్చింది విమానంలోనే.

ఊరి పక్షానికి మటనుస్కా లోయ మంచి ఉదాహరణ. 1935లో, ఆర్థిక మాంద్యపు రోజుల్లో, ఫెడరల్ ప్రభుత్వం మిన్నెసోటా, విస్కాన్సిన్, మిషిగన్ రాష్ట్రాలనుంచి 203 కుటుంబాలను తరలించి, చీట్లు తీసి, ఒక్కో కుటుంబానికి సుమారు 40 ఎకరాలు కేటాయించి, అప్పు మీద ఇళ్లు కట్టించింది. రైలు, ఆసుపత్రి, బడి, సహకార సంఘం అన్నీ ఉన్నా, 1940 నాటికి ఆ కుటుంబాల్లో సగానికి పైగా లోయను విడిచివెళ్లాయి. వసతులు మనుషులను కట్టిపడేయలేదు. ఉండిపోయినవారు మాత్రం వేసవిలోని సుదీర్ఘమైన పగటి వెలుగును వాడుకుని క్యాబేజీ, బంగాళదుంప సాగును నిలబెట్టారు.

నిజానికి అడవి కాపురాల్లో కొన్నింటికి కూడా పునాది ప్రభుత్వ పట్టాయే. నివసించి సాగుచేసినవారికి ఉచితంగా భూమినిచ్చే హోమ్‌స్టెడ్ చట్టం 1898లో అలాస్కాకు విస్తరించింది. మిగతా దేశంలో 1976లోనే రద్దయిన ఆ అవకాశం అక్కడ 1986 వరకు కొనసాగింది. ఆ చట్టం కింద అమెరికాలో చిట్టచివరి పట్టా 1988లో స్టోనీ నదీతీరపు భూమికి దక్కింది.